నరాల గుట్టు విప్పిన స్క్విడ్

చేపల వలలో పడే స్క్విడ్ జాలరులకు కొత్త కాదు. పది చేతులు, మూడు గుండెలు, నీలిరక్తం గల వింత జీవి ఇది. బెదిరితే ఒంటిసంచిలోని నీటిని పిచికారీలా చిమ్మి వెనక్కు దూసుకుపోతుంది. అందుకు ఆజ్ఞ మోసే నరపుపోగు ఒక మిల్లీమీటరు మందం వరకు ఉంటుంది. మనిషి నరపుపోగులో? తలవెంట్రుక కన్నా ఎంతో సన్నం. వాటిలో పరికరం దూర్చడం ఆనాడు కుదిరే పని కాదు.

ఈ లావుపోగును 1936లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు యంగ్ పరిశోధకుల దృష్టికి తెచ్చాడు. 1939లో ప్లిమత్ రేవులో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ దానిలోకి సన్నని గాజుగొట్టం దూర్చి, నరంలో నడిచే విద్యుత్తును లోపలినుంచే కొలిచారు. అంతలో యుద్ధం వచ్చిపడి పని ఆగింది. 1952లో గుట్టు తేల్చారు: ఉప్పులో ఉండే సోడియం పోగులోకి చొరబడుతుంది, వెంటనే పొటాషియం బయటకు పోతుంది. నరంలో పరుగెత్తే కబురు ఇదే. కేంబ్రిడ్జి కంప్యూటరు అందుబాటులో లేక, హక్స్‌లీ చేతితో తిప్పే యంత్రంపైనే లెక్కలు కట్టాడు. 1963లో ఇద్దరికీ నోబెల్ బహుమతి దక్కింది. స్క్విడ్‌కు మాత్రం వలే!

పన్ను పీకేముందు డాక్టరు ఇచ్చే మత్తుసూది ఆ సోడియం దారినే మూసేస్తుంది. నొప్పి కబురు మెదడుకు చేరదు. ఎర్రతేలు విషం అదే దారిని మూసుకోనివ్వదు. అందుకే కుట్టినవాడికి ఒళ్లంతా చెమటలు పడతాయి, గుండె తల్లడిల్లుతుంది. పసివాళ్లకైతే ప్రాణం మీదికే వస్తుంది.