ఒక్క ఇంటికే మిగిలిన ఇంటిపేరు

పిల్లలూ! మాయాబజార్ సినిమాలో ఘటోత్కచుడి వేషం వేసిన నటుడెవరో చెప్పండి. ఎస్.వి. రంగారావు అని మీరందరూ ఒక్కసారిగా అంటారు. సరే, ఆ 'ఎస్' అంటే ఏమిటి? ఇక్కడ చాలామంది ఆగిపోతారు. సామర్ల. ఆయన పూర్తి పేరు సామర్ల వెంకట రంగారావు. 1957లో వచ్చిన ఆ సినిమాను తరతరాలుగా చూస్తూనే ఉన్నాం, కాని ఆయన ఇంటిపేరు మాత్రం ఒక్క ఇంగ్లీషు అక్షరం చాటున ఉండిపోయింది.

నేను పాఠం చెప్పే బడి యూసుఫ్‌గూడలో ఉంది. కృష్ణానగర్ మీదుగా చెక్‌పోస్టు దాటితే ఫిల్మ్‌నగర్. సినిమాల్లో లైట్లు మోసేవారు, దుస్తులు కుట్టేవారు, గుంపు సన్నివేశాల్లో నిలబడేవారు, ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి ఇక్కడ ఇళ్ళు అద్దెకు తీసుకుంటారు. వాళ్ళ పిల్లలే మా విద్యార్థులు. అందుకని మా హాజరుపట్టీలో ఇంటిపేర్లు దాదాపు అన్నీ వేరువేరుగా ఉంటాయి.

ఒకరోజు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నా దగ్గరకు వచ్చి, "సార్, నా ఇంటిపేరు పూర్తిగా చదవకండి, ఒక్క అక్షరం చాలు" అంది. కారణం అడగనక్కరలేదు. ఆ ఇంటిపేరు మొదట్లో నవ్వులాటకు దొరికే మాట ఒకటుంది. అదేమిటో ఇక్కడ రాయను, రాస్తే మీరూ నవ్వుతారు. నేను సరేనన్నాను. ఆమె వెళ్ళబోతూ ఆగి, "అయినా మా తాతకు మా నాన్న ఒక్కడే కొడుకు సార్. మా నాన్నకు నేనూ చెల్లీ. ఇంకెవరికీ ఈ ఇంటిపేరు లేదట. మాతోనే ఆగిపోతుందా?" అని అడిగింది.

ఆ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఆ ఇంటిపేరు ఎక్కడిది? అది పోతుందా? మొదటిదానికి నేను మా తెలుగు పండితుల్ని ఆశ్రయించాను. రెండోది మాత్రం లెక్కల పని.

తెలుగు వ్యాకరణంలో ఔపవిభక్తికాలు అని మీరు చదువుకున్నారు కదా! ఇ, టి, తి. ఊరు అనే మాట 'ఊరి'గా, ఏరు 'ఏటి'గా, నేయి 'నేతి'గా మారుతుంది. పరీక్ష కోసం బట్టీ పట్టి మరచిపోయే ఈ మూడక్షరాలే మన ఇంటిపేర్లకు తాళంచెవులు. బాపట్ల జిల్లాలో కారంచేడుకు దగ్గరలో దగ్గుబాడు అనే ఊరుంది. దగ్గుబాడుకు చెందినవాడు దగ్గుబాటివాడు. ఫిల్మ్‌నగర్‌లో స్టూడియో కట్టిన దగ్గుబాటి రామానాయుడు (1936–2015) పుట్టింది కారంచేడులోనే. ఉప్పలపాడు ఉప్పలపాటి అయింది. పురం, వరం అని ముగిసే ఊర్లు పురపు, వరపు అయ్యాయి. ఈ 'పాడు' అంటే పాడుబడినది అని కాదు సుమా, ఊరు అనే అర్థం. 'పూడి' కూడా ఊరి పేర్ల చివర వచ్చే మాటే. కూచిపూడి, పెదపూడి మీరు వినే ఉంటారు.

ఇక్కడ ఒక చిన్న తమాషా ఉంది. ఊరి పేరు ఇంటిపేరు కావాలంటే మనిషి ఆ ఊరు విడిచిపెట్టాలి! దగ్గుబాడులో ఉన్నంతకాలం అందరూ దగ్గుబాడువాళ్ళే. అక్కడ ఆ గుర్తు ఎవరికీ పనికిరాదు. పక్క ఊరికి వెళ్ళి కాపురం పెట్టినప్పుడే, "ఎవరొచ్చారు?" "దగ్గుబాటివారు" అనే మాట పుడుతుంది. చెక్ దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఇంటిపేరు నోవాక్. దానికి అర్థం 'కొత్తగా వచ్చినవాడు'. వాళ్ళు కొత్తవాడన్నారు, మనవాళ్ళు ఏ ఊరినుంచో కూడా చెప్పారు. తెలుగునాట ఊళ్ళు వేలల్లో ఉన్నాయి గనుక ఇంటిపేర్లూ వేలల్లోనే పుట్టాయి. ఒక్కొక్కటి ఏ ఒకటి రెండు కుటుంబాలతోనో మొదలయింది.

ఇంటిపేరు అడిగి కులం ఏమిటో పోల్చుకునే పెద్దలు మీకు తారసపడే ఉంటారు. ఒకే ఊరినుంచి వేరువేరు కులాలవారు వలసపోతే అందరికీ ఒకే ఇంటిపేరు వస్తుంది. కాబట్టి వాళ్ళ లెక్క తరచుగా తప్పుతుంది.

ఊరు కాక పదవుల నుంచీ ఇంటిపేర్లు వచ్చాయి. ప్రగడ లేక ప్రెగ్గడ అంటే మంత్రి. నాయకుడు నాయుడై, నేడై, అందులోంచి 'నేని' పుట్టింది. అక్కినేని, ఘట్టమనేని అలాంటివే. ఇక చింత, తుమ్మ, ఆవు, గుర్రం వంటి చెట్ల పేర్లు, జంతువుల పేర్లు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో కె. రంగాచారి సాయంతో 7 సంపుటాలుగా ప్రచురించిన దక్షిణభారత కులాలు, తెగల గ్రంథంలో ఇటువంటి తెలుగు ఇంటిపేర్ల పట్టికలు పుటలకు పుటలున్నాయి. చెట్టు పేరుగల ఇంటివారు కొందరు ఆ చెట్టును నరకరు, ఆ కాయ తినరు. ఒకే ఇంటిపేరువారు అన్నదమ్ముల వరస గనుక పెళ్ళి చేసుకోరు. అంటే నవ్వు పుట్టించే ఆ మాటలు ఒకప్పుడు ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పే గుర్తులన్నమాట.

మా అమ్మాయి ఇంటిపేరు 'పాటి'తో ముగుస్తుంది. అంటే ఎక్కడో ఒక 'పాడు' ఉండేది. నవ్వించే మాట ఆ ఊరి పేరులోది, మనుషులది కాదు. ఇది చెప్పినప్పుడు ఆమె ముఖంలో కొంచెం వెలుగు కనిపించింది.

ఇప్పుడు రెండో ప్రశ్న. 1873లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రజ్ఞుడు 'ఎడ్యుకేషనల్ టైమ్స్' అనే పత్రికలో ఒక లెక్క ఇచ్చాడు. పేరుమోసిన కుటుంబాల ఇంటిపేర్లు కొంతకాలానికి కనబడకుండా పోతున్నాయి. సుఖాలు మరిగి ఆ వంశాలు బలహీనపడ్డాయని జనం అనుకుంటున్నారు. అలా కాక, ఉత్త యాదృచ్ఛికంగానే పోతున్నాయేమో లెక్క కట్టగలరా? గాల్టన్ చెప్పిన విషయాల్లో ఇవాళ మనం ఒప్పుకోలేనివి చాలా ఉన్నాయి గాని, ఈ ప్రశ్న మాత్రం బంగారం లాంటిది. హెన్రీ వాట్సన్ అనే మతాచార్యుడు జవాబు కట్టాడు. 1874లో ఇద్దరూ కలిసి దాన్ని ప్రచురించారు.

ఆ లెక్కను మీరు రెండు రూపాయి నాణేలతో ఆడుకోవచ్చు. నూరు ఇళ్ళు, నూరు ఇంటిపేర్లు అనుకోండి. ప్రతి ఇంట్లో ఒక మగవాడు, అతనికి ఇద్దరు పిల్లలు. నాణెం బొమ్మ పడితే కొడుకు, బొరుసు పడితే కూతురు. పాత పద్ధతిలో కూతురు అత్తవారి ఇంటిపేరుకు మారిపోతుంది. రెండూ బొరుసులే పడితే ఆ ఇంటిపేరు అక్కడితో సరి. దాని సంభావ్యత 1/4. అంటే ఒక్క తరంలోనే నూటికి 25 ఇంటిపేర్లు పోతాయి! రోగం లేదు, కరువు లేదు, యుద్ధం లేదు. జనసంఖ్య కూడా తగ్గలేదు.

రెండో తరం చూద్దాం. ఒక బిడ్డ ద్వారా ఇంటిపేరు నిలవకపోవడానికి రెండు దారులున్నాయి. ఆ బిడ్డ కూతురు కావచ్చు (1/2), లేదా కొడుకై అతని శాఖ ఆగిపోవచ్చు (1/2లో 1/4). కలిపితే 0.625. ఇద్దరు బిడ్డలకూ అలాగే జరగాలి గనుక దాన్ని వర్గం చేయండి. 0.39 వస్తుంది. ఇదే సూత్రం. పోయిన భాగానికి 1 కలపండి, 2తో భాగించండి, వర్గం చేయండి. మూడో తరానికి 48, నాలుగో తరానికి 55, అయిదో తరానికి 60 ఇంటిపేర్లు పోయి ఉంటాయి. తరానికి పాతికేళ్ళు వేసుకుంటే, నూట పాతికేళ్ళలో నూటికి నలభై మాత్రమే మిగులుతాయి. మగవారి సంఖ్య మాత్రం సగటున ఆ నూరే. అంటే మిగిలిన ఒక్కో ఇంటిపేరు కింద సగటున రెండున్నర మంది ఉంటారు. కాని ఈ సగటు సమంగా పంచినది కాదు. కొన్ని ఇంటిపేర్లు గుంపులు గుంపులుగా పెరుగుతాయి, చాలావాటికి ఒకరిద్దరే ఉంటారు. మా అమ్మాయిది రెండో రకం.

ప్రతి ఇంటా ముగ్గురేసి పిల్లలుంటే? అప్పుడు తరతరానికీ జనం ఒకటిన్నర రెట్లవుతారు. అయినా ఎంతకాలం గడిచినా నూటికి దాదాపు 24 ఇంటిపేర్లు పోక తప్పదు. మిగతావి నిలుస్తాయి. పెద్దవాడైన వాట్సన్ సరిగ్గా ఇక్కడే పొరపాటు పడ్డాడు. జనం పెరుగుతున్నా అన్ని ఇంటిపేర్లూ చివరికి పోతాయని రాసేశాడు. సమీకరణానికి రెండో మూలం ఉందని గమనించలేదు. లెక్కల్లో తప్పు చేసి దిగులుపడే వాళ్ళకు ఇది చెబుతూ ఉంటాను.

ఇదే లెక్కను 1927లో జె.బి.ఎస్. హాల్డేన్ జన్యువులకు ఉపయోగించాడు. ఒక జీవిలో కొత్తగా పుట్టిన మార్పు మేలైనదే అయినా, మొదట్లో అది ఒక్క ఇంటిపేరులాగా ఒంటరిది. చాలాసార్లు అదృష్టం చాలక మాయమైపోతుంది. ఆ హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరాడు. అప్పటికే అక్కడ పనిచేస్తున్న గొప్ప గణాంక శాస్త్రజ్ఞుడు సి.ఆర్. రావు (1920–2023). ఆయన పేరులోని 'సి' అంటే కల్యంపూడి. ఇంగ్లీషులో సి అక్షరంతో రాసుకున్నారు. ప్రపంచమంతటా గణాంక పుస్తకాల్లో 'క్రామేర్–రావు' అని చదువుతారు గాని రావు ఆయన ఇంటిపేరు కానే కాదు! భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) సంగతీ అంతే. రక్తంలో, కణజాలాల్లో భాస్వరాన్ని కొలిచే 1925 నాటి పద్ధతిని 'ఫిస్కే–సుబ్బారావు' పద్ధతి అంటారు. చివరి మాటే ఇంటిపేరనుకునే దేశాల్లో ఎల్లాప్రగడ 'వై'గా మిగిలింది. అటువంటి జాబితాలు చూసి మన ఇంటిపేర్లను లెక్కపెడితే 'రావు' అనేది ఒక మహావంశంలా కనిపిస్తుంది.

ఇంటిపేర్లు ఎంత పాతబడితే అంత తక్కువ మిగలాలని మన నాణేల ఆట చెబుతోంది కదా! లోకంలో అలాగే ఉందా? చైనాలో ఇంటిపేర్లు రెండు వేల ఏళ్ళకు పైబడినవి. అక్కడ నూరు ఇంటిపేర్ల కిందనే నూటికి ఎనభైమందికి పైగా వస్తారు. జపానులో 1875లో ప్రభుత్వం ప్రతివారూ ఇంటిపేరు పెట్టుకోవాలని చట్టం చేసింది. అక్కడ లక్షకు పైగా ఇంటిపేర్లున్నాయని అంచనా. కొరియాలో అయిదుగురిలో ఒకరు కిమ్. అయితే రాజవంశాల పేర్లను జనం పెట్టుకోవడం కూడా దానికి కారణమే గనుక తప్పంతా నాణేనిదే అనకూడదు.

తండ్రి నుంచి కొడుకుకు వచ్చేది ఇంకొకటి ఉంది. వై క్రోమోజోము. ఇంగ్లండులో ట్యూరి కింగ్, మార్క్ జోబ్లింగ్ అనే శాస్త్రజ్ఞులు 2009లో 40 ఇంటిపేర్లవారిని పరీక్షించి చూశారు. అరుదైన ఇంటిపేరుగల వారి వై క్రోమోజోములు చాలావరకు కలిశాయి. అంటే అందరికీ మూలపురుషుడు ఒక్కడే అయ్యుంటాడు. కమ్మరి పనిమీద వచ్చిన స్మిత్ వంటి సామాన్యమైన పేరులో అలా కలవలేదు. కమ్మరి ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు మరి! మన దగ్గర దత్తత ఉంది. దత్తపుత్రుడికి వచ్చే ఇంటిపేరు ఒకరిది, వై క్రోమోజోము ఇంకొకరిది. కొడుకులు లేనివారు ఇంటిపేరు నిలుపుకోవడానికి ఎంచుకున్న దారి అది.

ఈ లెక్కలన్నీ నల్లబల్ల మీద వేశాక ఆ అమ్మాయి అడిగింది, "ఈ ఆటలో కూతురు పుడితే బొరుసని ఎవరన్నారు సార్?" అని.

ఎవరూ అనలేదు. పెళ్ళయిన స్త్రీ ఇంటిపేరు మార్చుకు తీరాలనే చట్టం మన దేశంలో లేదు. 2022 జులైలో ఒక తెలుగు కుటుంబం తగాదాలో సుప్రీంకోర్టు, తండ్రి మరణించిన బిడ్డకు ఏ ఇంటిపేరు ఉండాలో నిర్ణయించే హక్కు తల్లికి ఉందని తీర్పు చెప్పింది. అందుకని ఆటకు నియమం మార్చాం. అక్కచెల్లెళ్ళిద్దరూ తమ తమ ఇళ్ళలో భార్య ఇంటిపేరా, భర్త ఇంటిపేరా అనేది నాణెం వేసి తేల్చుకుంటారు. రెండుసార్లూ బొరుసు పడే సంభావ్యత 1/4. పాత నియమంలో తప్పకుండా ఆగిపోవలసిన ఆ ఇంటిపేరు ఇప్పుడు నాలుగింట మూడు వంతులు నిలుస్తుంది.

తరగతి చప్పట్లు కొట్టింది. ఆమె మాత్రం నల్లబల్లకేసే చూస్తూ ఉంది. "మరి అవతలి ఇంటిపేరు కూడా ఒక్క ఇంటిదే అయితే ఎలా సార్?" అంది. నేను సుద్దముక్క పుచ్చుకుని నాలుగు గడుల పట్టిక గీయడం మొదలుపెట్టాను. అది పూర్తి కాకముందే గంట కొట్టారు. మరునాడు హాజరు తీసేటప్పుడు ఆమె లేచి, "ఒక్క అక్షరం వద్దు సార్, పూర్తిగానే చదవండి" అంది.