ట్రక్కు జాకీ విరిగిందా? రాళ్లు పేర్చకండి!

ధాన్యం దించేశారు. ట్రాక్టరుతో వెంటనే దమ్ముకు వెళ్లాలి. తీరా ట్రక్కు విప్పబోతే ముందు జాకీ తిరగదు. ఏం చేస్తాం? నాలుగు ఇటుకలు పేర్చి కానిచ్చేస్తాం. మా పక్క ఊళ్లో ఓ కౌలు రైతు ఇలాగే చేశారు. ఇటుక పగిలి డ్రాబారు కాలి మీద పడింది. రెండు వేళ్లు పోయాయి.

రెండు చక్రాల ట్రక్కులో బరువు కొంత ఇరుసు మీద, కొంత ట్రాక్టరు కొక్కెం మీద ఉంటుంది. ట్రాక్టరు తప్పుకుంటే ఆ ముందు బరువంతా జాకీయే మోయాలి. అందుకే దాన్ని చిన్న సామానుగా చూడొద్దు.

విప్పే ముందు

ట్రక్కు మొత్తం ఖాళీ చేయండి. ముందు భాగం మాత్రమే దించితే బరువు వెనక్కి పోయి, కొక్కెం విప్పగానే డ్రాబారు పైకి లేస్తుంది. గట్టి నేల మీద నిలిపి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు వేయండి. బాగుచేసేంత వరకూ ట్రాక్టరు తగిలించే ఉంచడం మేలు. ఇంజను ఆపి, బ్రేకు బిగించండి. డ్రాబారు కింద వెడల్పాటి చెక్క దిమ్మ పెట్టండి.

లోపం ఎక్కడ?

జాకీ విప్పి డీజిలుతో కడగండి. మట్టి పోతేగానీ లోపం కనపడదు.

హ్యాండిల్ తిరుగుతున్నా మర కమ్మీ తిరగకపోతే పిన్ను తెగినట్టే. మేకు దూర్చి సరిపెట్టకండి, సరైన పిన్నే వేయండి.

కమ్మీ తిరుగుతున్నా జాకీ లేవకపోయినా, బరువు పడగానే దిగిపోతున్నా నట్టు మర అరిగిందన్నమాట. పాత కమ్మీ వెంట తీసుకెళ్లి, దానికి సరిపడే నట్టు లేత్ షాపులో చేయించండి. కమ్మీ మర కూడా అరిగితే రెండూ మార్చాల్సిందే.

బిగుతుగా తిరుగుతుంటే కమ్మీని చదును బండ మీద దొర్లించి చూడండి. ఎగుడుదిగుడుగా దొర్లితే వంగినట్టు. కాల్చి సాగదీస్తే బలం తగ్గుతుంది. కొత్తది వేయడమే మంచిది. వంగకపోతే తుప్పు వదిలించి గ్రీజు పెడితే చాలు.

జాకీ పట్టీ దగ్గర వెల్డింగు చిట్లితే తుప్పు, రంగు గీకించి చుట్టూ పూర్తిగా పట్టించండి. రెండు చుక్కలు పెట్టించి తెచ్చుకుంటే మళ్లీ ఊడుతుంది. వెల్డింగు చేసేచోట గడ్డి, డీజిలు లేకుండా చూడండి.

బిగించాక ఖాళీ ట్రక్కుతోనే పరీక్షించండి. ఆ సమయంలో డ్రాబారు కింద కాళ్లు, చేతులు పెట్టొద్దు.

మళ్లీ విరగకుండా

జాకీలు చాలావరకు మన మతిమరుపు వల్లే విరుగుతాయి. ట్రక్కు తగిలించి, జాకీ పైకి తిప్పకుండా బయల్దేరతాం. అది గట్టుకు తగిలి వంగుతుంది. కొక్కెం పిన్ను పడగానే జాకీ పైకెత్తడం అలవాటు చేసుకోండి. డ్రైవరుకూ చెప్పండి. దమ్ము పనులయ్యాక ఒకసారి, కోతల ముందు ఒకసారి గ్రీజు పెట్టండి. మెత్తటి నేలలో పాదం కింద చెక్క పలక వేయండి.

జాకీకి కొత్త నట్టు దొరుకుతుంది. కాలికి కొత్త వేళ్లు దొరకవు.