బుడగను కోసే రోజు

సొంతంగా విమానం కట్టుకునేవాళ్లకు రెక్కలంటే అంత భయం ఉండదు. రివెట్టు వంకరగా పడితే తీసి ఇంకోటి కొట్టుకోవచ్చు, రేకు చెడితే మరో రేకు తెప్పించుకోవచ్చు. చేతులు వణికేది తలమీద కప్పే కానోపీ దగ్గరే. అందులో పగులు పుట్టిందంటే అతుకు వేసి మరిచిపోయే వ్యవహారం కాదు, ధరా తక్కువ కాదు.

దీనికి వాడేది అక్రిలిక్. 1930లలో ఇంగ్లండులో పెర్స్పెక్స్ అనీ, జర్మనీలో ప్లెక్సిగ్లాస్ అనీ బజారుకొచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో స్పిట్‌ఫైర్ పైలట్ల తలమీద ఉన్నది ఇదే. పగిలిన కానోపీ ముక్కలు కళ్లలో గుచ్చుకుపోయినా ఆ కళ్లు పెద్దగా వాచకపోవడం లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ గమనించాడు. 1949లో కంటిలో అమర్చిన తొలి కృత్రిమ కటకం ఆ పదార్థంతోనే చేయించాడు.

అమెరికాలో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ 1971లో ఎగరేసిన ఆర్వీ-3 తర్వాత ఆ వరసలో చాలా కిట్ విమానాలు వచ్చాయి. పక్కపక్కన ఇద్దరు కూర్చునే ఆర్వీ-7 వాటిలో ఒకటి. దాని కానోపీ ఒకే పెద్ద బుడగగా వస్తుంది. ఇలాంటి బుడగల్ని ఊది చేసే పద్ధతి ఒకటుంది: పలకను వేడిలో మెత్తబరిచి, అంచులు బిగించి, కింది నుంచి గాలి పంపితే పూరీలా పొంగుతుంది. అచ్చు తగలదు కనుక చూపుకు అడ్డొచ్చే గీతలు పడవు.

ఆ బుడగను అడ్డంగా రెండు ముక్కలు చెయ్యాలి. ఎక్కడ కోయాలన్నది కానోపీ ఎలా తెరుచుకోవాలో తేల్చుకున్నాకే తెలుస్తుంది. వెనక్కి జరిగే రకమైతే ముందు ముక్క కదలని అద్దమవుతుంది, వెనకది పట్టాలమీద జరుగుతుంది. ముందు కీలుమీద లేచే రకమైతే ముందు భాగమంతా పైకి లేస్తుంది, వెనక కిటికీ కదలదు. మొదటి రకంలో కళ్లెదుట ఒక చట్రం అడ్డొస్తుంది. రెండోదానిలో ఆ బెడద లేదు, కానీ రన్‌వే దాకా నడిపేటప్పుడు జరిపి గాలి పోసుకునే సుఖం తగ్గుతుంది. నన్నడిగితే ఎండ ఊళ్లలో జరిగే రకానికే ఓటు. గడియ మరిచిపోయి ఎగిరితే ఏమవుతుందన్నది కూడా చూసుకోవాలి. కానోపీ పైన గాలి ఒత్తిడి తక్కువ కనుక అది పైకి లేవాలనే చూస్తుంది. పక్క కీళ్లున్న రకం ఒక్కసారిగా తెరుచుకుని ఊడిపోనూ వచ్చు.

చలిలో అక్రిలిక్ పెళుసు. అందుకే షెడ్డు వెచ్చగా ఉన్న రోజు చూసి కోస్తారు. పళ్ల రంపం జోలికి పోరు, అరగదీసే చక్రంతో నెమ్మదిగా కోస్తారు. మామూలు డ్రిల్లు ముక్క కొరికి చీల్చేస్తుంది, ప్లాస్టిక్ కోసం నూరిన మొన కావాలి. కోసిన అంచును నున్నగా రుద్దాల్సిందే, పగులు మొదలయ్యేది చిన్న గీత దగ్గరే.

తర్వాత బిగింపు. 40 డిగ్రీల వేడి పెరిగితే మీటరు అక్రిలిక్ దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది, అల్యూమినియం 1 మిల్లీమీటరు కూడా సాగదు. రంధ్రాలు బిగుతుగా ఉంటే ఎండకూ చలికీ ఈ తేడా అక్కడే పోట్లాడుతుంది. అందుకే రంధ్రాన్ని స్క్రూ కంటే కాస్త పెద్దగా వేస్తారు. కొందరు రంధ్రాలే మానేసి రబ్బరులా సాగే జిగురుతో చట్రానికి అంటిస్తున్నారు.

బిగించాక పెట్రోలు, అసిటోన్ దగ్గరికి రానివ్వకూడదు, సన్నటి పగుళ్లు అల్లుకుంటాయి. ఎండలో కానోపీ తెరిచి వదిలేయడమూ ప్రమాదమే. ఆ వంపు ఎండను ఒకచోట పోగుచేసి లోపలి సామాన్ని కాల్చగలదు. అందుకే గ్లైడర్లవాళ్లు దిగగానే దాన్ని మూసి, పైన గుడ్డ కప్పుతారు.