సగం గోలీ ఏస్తే ఏమైతది?

నల్లగొండైనా, పాలమూరైనా మెడికల్ షాపు దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఈ మాట చెవిన పడుతుంది. "మా కుక్క మెడ తిప్పుతలేదు, లేస్తే కుంటుతుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులకు రాసిన గోలీలు ఇంట్ల ఉన్నయి. సగం ఏస్తే ఏమైతది?"

మొదటి రోజు ఏమీ కాదు. పైగా మంచే జరిగినట్టు కనిపిస్తుంది. పొద్దటి నుంచి మూలన పడుకున్న కుక్క సాయంత్రానికి లేచి తోక ఊపుతుంది, గేటు దాకా వచ్చి మొరుగుతుంది. గోలీ వేసిన పెద్దమనిషి ఆ సంగతి పక్కింటికి చెబుతాడు, పక్కింటాయన చుట్టాలకు చెబుతాడు. నాలుగైదు రోజులకు అదే కుక్క అన్నం వాసన చూసి వెనక్కి తిరుగుతుంది. కక్కుతుంది. విరేచనం తారులా నల్లగా, జిగటగా పడుతుంది. అది కడుపులో పుండు పడి కారిన రక్తం. అప్పుడు మాత్రం గోలీ ఎవరికీ గుర్తుకు రాదు. "ఎండ దెబ్బ తాకింది", "బయట ఏదో తినొచ్చింది" అంటారు. మంచి జరిగితే పేరు గోలీకి, చెడు జరిగితే నింద ఎండకు. ఈ పుకారు ఇన్నేళ్లుగా చావకుండా బతుకుతున్నది ఈ లెక్క మీదే.

కుక్కంటే నాలుగు కాళ్ల చిన్న మనిషి కాదు. ఐబూప్రొఫెన్, న్యాప్రాక్సెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు వాపు పుట్టించే రసాయనాలను అడ్డుకుంటాయి. కడుపు లోపలి పొరను కాపాడేవీ, మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసేవీ అదే కుటుంబానికి చెందిన రసాయనాలు. మందు రెంటినీ కలిపి కొడుతుంది. పైగా కుక్క ఒంట్లో ఈ మందుల్లో కొన్ని పిత్తంతో పాటు పేగులోకి దిగి, అక్కడ మళ్లీ రక్తంలోకి ఎక్కి, చక్కర్లు కొడుతూనే ఉంటాయి. న్యాప్రాక్సెన్ సంగతే చూడండి. మనిషి రక్తంలో దాని మోతాదు సగానికి తగ్గడానికి పూటో, కొంచెం ఎక్కువో పడుతుంది. కుక్కలో మూడు రోజుల దాకా పట్టవచ్చు. అంటే రోజుకో సగం గోలీ వేసే ఇంట్లో మూడో రోజుకు కుక్క ఒంట్లో ఉండేది సగం గోలీ కాదు.

"మనిషి అరవై కిలోలు, కుక్క పది కిలోలు, అందుకే తగ్గించి ఇస్తున్నం" అనే లెక్కల మాస్టార్లూ ఉన్నారు. వాళ్ల లెక్కే వాళ్లకు చూపించవచ్చు. 400 మిల్లీగ్రాముల ఐబూప్రొఫెన్ గోలీలో సగం అంటే 200. పది కిలోల కుక్కకు కిలోకు 20 మిల్లీగ్రాములు పడినట్టు. కిలోకు కేవలం 8 మిల్లీగ్రాముల చొప్పున రోజూ నెలపాటు ఇచ్చిన ప్రయోగంలోనే కుక్కల కడుపులో పుండ్లు పడ్డాయి. ఇక మెలాక్సికామ్. దీన్ని పశువైద్యులే కుక్కలకు రాస్తారు కాబట్టి "డాక్టర్ రాసేది కూడా ఇదే కదా" అనే ధీమా ఒకటి. మందు అదే, మోతాదు అది కాదు. మొదటి రోజు తర్వాత పది కిలోల కుక్కకు సాధారణంగా రాసేది రోజుకు ఒక్క మిల్లీగ్రాము. మనుషుల గోలీ 7.5 లేదా 15 మిల్లీగ్రాములు. పెద్ద గోలీని విరిచి సగం వేస్తే ఏడున్నర రోజుల మందు ఒక్క ముద్దలో పోయినట్టు. అదీ నల్లగొండ మే నెలలో, 44 డిగ్రీల ఎండలో, నీళ్ల గిన్నె ఎండిపోయి ఉన్న వాకిట్లో! ఒంట్లో నీరు తగ్గిన జంతువుకు ఈ మందు పడితే ముందుగా దెబ్బతినేవి మూత్రపిండాలే.

డైక్లోఫెనాక్‌ది మరో కథ. పశువుల వైద్యంలో దీన్ని వాడొద్దని కేంద్రం 2006లోనే నిషేధించింది. ఈ మందు పడిన పశువు చస్తే, ఆ కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై రాలిపోయాయి. కొన్ని జాతులు నూటికి తొంభై ఐదుకు పైగా తుడిచిపెట్టుకుపోయాయి. రాబందులు పోయాక కళేబరాలు ఊరకుక్కల పాలయ్యాయి, కుక్కలు పెరిగాయి. రాబందును చంపిన మందునే ఇప్పుడు ఇంటి కుక్కకు ప్రేమగా పెరుగన్నంలో కలిపి పెడుతున్నారు.

గోలీకి తోడు ఇంజెక్షన్ ఇంకో ప్రమాదం. ఎవరో సూది వేస్తారు, అందులో స్టెరాయిడ్ ఉంటుంది, కుక్క గంటల్లో లేస్తుంది. మర్నాడు ఇంట్లో నొప్పి గోలీ కూడా పడుతుంది. స్టెరాయిడ్, నొప్పి మందు ఒకేసారి ఒంట్లో ఉంటే కడుపుకు చిల్లు పడే ముప్పు బాగా పెరుగుతుంది. ఒకటి ఆపి రెండోది మొదలుపెట్టడానికి మధ్యలో కొన్ని రోజుల ఎడం ఇవ్వాలి. వేసిన సూది ఏమిటో పేరు అడిగి రాసుకోవడం యజమాని హక్కు. అడిగితే కోపం తెచ్చుకునేవారి దగ్గరకు రెండోసారి పోనక్కర్లేదు.

మిగతా నమ్మకాలు చాలానే ఉన్నాయి, కానీ వాటికి ఇంత చోటు అనవసరం. అరవడం లేదు కాబట్టి నొప్పి లేదంటారు; కీళ్లు అరిగిన కుక్క అరవదు, మెట్ల ముందు ఆగి ఆలోచిస్తుంది. వాత పెడితే, నల్లజీడి రసం పూస్తే నొప్పి పోతుందంటారు. పాత నొప్పి అలాగే ఉంటుంది, పైన కాలిన పుండు కొత్తగా చేరుతుంది. పెద్ద జాతి పిల్లకు కాల్షియం సీసాలు తాగిస్తే ఎముక గట్టిపడుతుందంటారు. మోతాదు మించితే ఎముక వంకర పోతుంది. ముట్టుకుంటే కరవబోయింది కాబట్టి పిచ్చి లేచిందని కర్ర తీసేవాళ్లూ ఉన్నారు. నెలల తరబడి మెడ నొప్పితో ఉన్న కుక్కది రేబిస్ కాదు, రేబిస్ లక్షణాలు మొదలైన కుక్క రోజుల్లోనే చనిపోతుంది. అయినా పన్ను దిగితే సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం, టీకాకు పోవడం మాత్రం తప్పదు.

నీళ్లలోని ఫ్లోరైడ్ సంగతి మాత్రం ఒక్క మాటలో తేలేది కాదు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు ఆ నీళ్లతో మెడ తిరగని మనుషులను, నడుము వంగిపోయిన ముసలివాళ్లను చూస్తూ పెరిగినవారికి మెడ బిగుసుకున్న ప్రతి జీవిలోనూ అదే రోగం కనిపించడం సహజం. నీళ్ల నుంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికే ప్రపంచం 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టుకుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో నాగపూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతి అది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగిన పశువుల ఎముకలకూ ఫ్లోరోసిస్ వస్తుంది. అబద్ధమనలేం. కానీ హైదరాబాద్‌లో కొని, మొన్నటిదాకా ఫిల్టర్ నీళ్లే తాగిన లాబ్రడార్ కాలు ఈడ్చినా "మన నీళ్ల మహిమ" అంటే ఏం చెప్పాలి? ఆ మాట వెనకే ఇంకోటి వస్తుంది: "నీళ్ల రోగానికి మందు లేదు, వదిలేయ్." అసలు నష్టం అక్కడ. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లలో ఎదిగే వయసులో తుంటి కీలు సరిగా కుదరని జబ్బు సర్వసాధారణం. డాక్స్‌హండ్ లాంటి పొట్టికాళ్ల జాతుల్లో మెడ వెన్నుపూసల మధ్య డిస్కు జారుతుంది. గొర్ల మందెంట తిరిగే కుక్కకైతే పిడుదులు అంటించే జ్వరం చాలా కీళ్లను ఒకేసారి వాపెక్కించవచ్చు. దాన్ని రక్త పరీక్షతో పట్టుకోవచ్చు, నయమూ చేయవచ్చు. ఎక్స్‌రే, రక్త పరీక్ష లేకుండా నీళ్ల మీదికి తోసేస్తే ఇవన్నీ చేజారిపోతాయి.

పెద్దవాళ్ల మాటల్లో ఒక్కదానికి మాత్రం, ఇష్టం లేకపోయినా, తల ఊపాల్సిందే. ఆముదం రాసి కాపడం పెట్టడం. పాలమూరు, నల్లగొండ చెలకలు ఒకప్పుడు ఆముదానికి పెట్టింది పేరు. చలికాలం పొద్దున బిగుసుకుపోయిన ముసలి కుక్క కీళ్లకు గోరువెచ్చని గుడ్డతో పది నిమిషాల కాపడం నిజంగానే హాయినిస్తుంది. ఆ పని చేసేది ఆముదం కాదు, వేడి. నూనె రాస్తే కుక్క నాకుతుంది, నాకితే విరేచనాలు. కొత్తగా తగిలిన దెబ్బ మీద, వాపు మీద వేడి పెట్టకూడదు. కాపడానికి జిల్లేడు ఆకు జోలికి పోవద్దు, దాని పాలు కంట్లో పడితే కన్నుకే ముప్పు. అన్నిటికన్నా ముఖ్యం, పొలానికి ఎరువుగా తెచ్చిన ఆముదం పిండి బస్తాను కుక్కకు అందకుండా పెట్టాలి. నూనెలోకి రాని రైసిన్ విషం ఆ పిండిలోనే ఉండిపోతుంది. వాసనకు కుక్క దాన్ని ఆబగా తింటుంది.

ఇంతకీ ఏం చేయాలి? ముందు బరువు తగ్గించాలి. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు జీవితాంతం నాలుగో వంతు తిండి తగ్గించి పెట్టారు. 2002లో వెలువడిన ఫలితం: సన్నగా ఉన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్ల జబ్బుకు మందు అవసరమైంది కూడా దాదాపు మూడేళ్లు ఆలస్యంగా. ఏ గోలీకీ ఇంత బలం లేదు. మెడ నొప్పి ఉంటే పట్టా, గొలుసు తీసేసి ఛాతీ చుట్టూ వేసే బెల్టు కొనాలి. గిన్నెను పీట మీద పెడితే మెడ వంచే బాధ తప్పుతుంది. షాబాద్ బండల నేల మీద ముసలి కుక్క కాళ్లు జారతాయి. అది నడిచే దారిలో గోనెసంచులు పరిస్తే సరి, ఖర్చు కూడా లేదు.

అరిగిన కీళ్లకు రోజూ కొద్దికొద్దిగా నడక మంచిది. డిస్కు జారిన మెడకు నడకే శత్రువు, వారాల తరబడి కదలనీయకుండా చిన్న చోట ఉంచాలి. ఏది ఏదో తేల్చేది డాక్టరే. కాళ్లు పట్టు తప్పి తూలినా, మూత్రం ఆగిపోయినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఊరి పశువైద్యశాలలో ఎక్స్‌రే లేకపోతే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల దాకా పోవాల్సి రావచ్చు. పోయేటప్పుడు ఇంట్లో వేసిన గోలీల స్ట్రిప్పు కూడా జేబులో పెట్టుకోవాలి. డాక్టర్‌సాబ్ తిడతాడని దాచిపెడితే, ఆయన వేసే కొత్త మందు పాత సగం గోలీ మీదే పడుతుంది.