బంతిని కొట్టేది చెయ్యి ఒక్కటే కాదు

పోయిన ఏడాది జూన్‌లో నా కుడి మోచెయ్యి మొండికేసింది. టీ కెటిల్ ఎత్తలేకపోయాను. క్లాసులో బోర్డు మీద రాయాలన్నా నొప్పే. శనివారం పొద్దున ఆడే డబుల్స్ ఆట మానేశాను. మా వదిన, నేను ఇరవై ఏళ్లుగా ఒకే వైపు ఆడుతున్నాం. "నువ్వు రాకపోతే నా రాకెట్ కూడా అటకెక్కినట్టే" అంది. మా అన్నయ్య పోయాక ఆమె సంతోషంగా ఇల్లు కదిలేది ఆ ఒక్క ఆటకే. కాబట్టి నేను బాగుపడక తప్పలేదు.

ఫిజియో దగ్గరికి వెళ్లాను. ఒకప్పుడు నా క్లాసులో చదువుకున్న పిల్లే. బంతి లేకుండా సర్వ్ చేసి చూపించమంది. చూసి నవ్వింది. "టీచర్, నొప్పి మోచేతిది, తప్పు కాళ్లది" అంది.

నేను కర్రలా నిలబడి చెయ్యి ఒక్కటే ఊపుతున్నానట. టెన్నిస్‌లో బలం నేల దగ్గర మొదలవుతుంది. పాదాలతో నేలను తొక్కితే అది మోకాళ్లకు, పిరుదులకు, నడుముకు, భుజానికి, చివరికి మణికట్టుకు చేరుతుంది. చిన్నప్పుడు గుళ్లో తెలుగు క్లాసులో ఈ మాటలన్నీ తల నుంచి పాదాల దాకా వేలుపెట్టి చూపిస్తూ నేర్చుకున్నాం. బలం మాత్రం కింది నుంచి పైకి వెళుతుంది. కింద సగం పని చెయ్యకపోతే ఆ భారమంతా మోచేతి మీద పడుతుంది. బంతి బరువు 60 గ్రాములు కూడా ఉండదు. కానీ ఒక్క పొద్దునే కొన్ని వందలసార్లు కొడతాం.

ఇది విన్నప్పుడు మా తాత గుర్తొచ్చాడు. నార్త్ కోస్ట్ తోటల్లో చెరకు కొట్టేవాడు. తీపి ఎక్కువగా ఉండేది మొదట్లోనే. అందుకని నేల దాకా వంగి కొట్టాలి. రోజంతా చెయ్యి ఒక్కదానితో ఆ పని ఎవరివల్లా కాదు. మోకాళ్లు వంచి, నడుము తిప్పి కొట్టాలి. తెలుగులో చెరకునూ కొడతాం, బంతినీ కొడతాం. మాట ఒకటే అని అప్పుడే గమనించాను.

ఫిజియో ఇచ్చిన మొదటి వ్యాయామం మనకు కొత్తది కాదు. గుంజీళ్లు! వినాయకుడి ముందు చెవులు పట్టుకుని గబగబా తీస్తామే, అవే. ఇక్కడ మాత్రం నెమ్మదిగా తియ్యాలి. మడమలు నేల మీదే ఉండాలి. 5 కిలోల బియ్యం సంచి గుండెకు హత్తుకుని విడతకు 10 చొప్పున మూడు విడతలు తీస్తున్నాను. తర్వాత పెద్ద అంగ ముందుకు వేసి, వెనక మోకాలు నేలకు దగ్గరయ్యేదాకా దిగి లేవాలి. పక్కకు కూడా అలాగే ఒక అంగ వేసి, ఆ మోకాలు వంచి లేవాలి. టెన్నిస్‌లో సగం పరుగు పక్కలకే కదా.

నడుముకోసం గోడకు పక్కగా నిలబడి, 2 కిలోల బరువు బంతిని రెండు చేతులతో గోడకు విసురుతాను. తిరగాల్సింది నడుము, పిరుదులు. చేతులు బంతిని పట్టుకుంటే చాలు.

భుజం సంగతి నాకు అసలు తెలియదు. సర్వ్ చేశాక వేగంగా ముందుకు పోతున్న చేతికి బ్రేకు వేసేది భుజం వెనక ఉండే చిన్న కండరాలే. అవి బలహీనంగా ఉంటే భుజం నొప్పి పెడుతుంది. రబ్బరు బ్యాండును తలుపు పిడికి కట్టి, మోచెయ్యి నడుముకు ఆనించి, ముంజేతిని బయటికి లాగాలి. చూసేవాళ్లకు పిల్లల ఆటలా ఉంటుంది. పదిహేనోసారికి మంట పుడుతుంది.

నా మోచేతిని బాగుచేసింది మాత్రం ఒక లీటరు నీళ్ల సీసా. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి ఉండేలా సీసా పట్టుకోవాలి. మణికట్టు బల్ల అంచు దాటి ఉండాలి. రెండో చేతి సాయంతో పైకి ఎత్తి, ఆ చెయ్యి వదిలేసి, ఐదు లెక్కపెడుతూ నెమ్మదిగా దించాలి. నేను తెలుగులోనే లెక్కపెడతాను. కొద్దిగా నొప్పి ఉంటే ఫరవాలేదు. మర్నాటికి నొప్పి పెరిగితే నీళ్లు సగం పారబోయాలి. అయినా తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలి.

వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విశ్రాంతి. ఆటకు ముందు రోజు చెయ్యను. మొదట్లో ఆత్రంతో రోజూ చేసి మెట్లు దిగలేక బడికి ఆలస్యంగా వెళ్లాను. ఆ మాట పిల్లలకు చెప్పలేదు.

2018లో వింబుల్డన్ సెమీఫైనల్లో మన జొహన్నెస్‌బర్గ్ కుర్రాడు కెవిన్ ఆండర్సన్ 6 గంటల 36 నిమిషాలు ఆడి గెలిచాడు. చివరి సెట్టు 26-24. అందులో ఒకసారి జారిపడి లేచి, ఎడమ చేత్తో బంతి కొట్టాడు. చిన్నప్పుడు కుడి మోచేతికి ఆపరేషన్ అయితే ఎడమ చేత్తో ఆడేవాడట. ఆ పాయింటు వీడియో వదినకు చూపించాను. "నువ్వూ ఎడమ చేత్తో ఆడొచ్చుగా, ఇన్నాళ్లు నన్ను ఇంట్లో కూర్చోబెట్టావు" అంది.

అక్టోబరులో తిరిగి కోర్టుకు వెళ్లాం. మొదటి సెట్టు 6-1తో ఓడిపోయాం. మోచెయ్యి నొప్పి పెట్టలేదు. ఇప్పుడు వదిన కూడా గుంజీళ్లు తీస్తోంది, కాకపోతే బియ్యం సంచి బదులు మనవణ్ణి ఎత్తుకుని.