క్రొత్త విండోసును, రైతు ఇంటి గుట్టును

విండోసు 10 అను ఆపరేటింగు సిస్టమునకు మైక్రోసాఫ్టు కంపెనీవారు చేయుచుండిన సామాన్యపు మరమ్మతులు 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో ముగిసినవి. సంఘపు కంప్యూటరును విండోసు 11కు మార్చవలయునా, మానవలయునా యను ప్రశ్న అప్పటినుండి పాలకవర్గముల యెదుటికి వచ్చుచున్నది. మారినచో మన ఆధారు కార్డులును పాసుపుస్తకములును అమెరికాకు పోవునని కొందరు సభ్యులు భయపడుచున్నారు. మారకున్నచో దొంగలు దూరుదురని మరికొందరు భయపడుచున్నారు. రెండు భయములును నిరాధారములు కావు. అయితే అసలు అపాయము ఈ రెంటికంటె దగ్గరగా, సంఘపు మేజాబల్ల మీదనే యున్నదని చూపుట ఈ వ్యాసోద్దేశము.

పెద్ద కమతము గల ఇంట పెద్ద పాలేరు ఎట్టివాడో, కంప్యూటరునందు ఆపరేటింగు సిస్టము అట్టిది. గాదె తాళము తీయువాడతడే, ఎడ్లకు కుడితి పెట్టువాడతడే, కూలివారిని పిలుచువాడతడే. ఇంట నతనికి తెలియని మూల లేదు. అట్లే మనము మీటలపై నొక్కెడి ప్రతి యక్షరమును, స్కానరులో నుంచెడి ప్రతి కాగితమును, ప్రింటరునకు పోయెడి ప్రతి రసీదును ఆపరేటింగు సిస్టము చేతిమీదుగనే పోవలయును. పాలేరును మార్చునపుడు అతడు పనివాడా యని మాత్రమే గాక, రాత్రివేళ ఎవరి యింటికి పోయి ఏమి మాటలాడునో కూడ విచారింతుము గదా. ఇచ్చటను ఆ విచారణయే కావలయును.

ముందుగా సంఘపు కంప్యూటరులో ఏమున్నదో చూతము. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములు 63,000 లను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూను 29న ఆమోదించినది. ఆ పథకము క్రింద నడచు సంఘములలో ఖాతాలు ఇంటర్నెట్టు ద్వారా దూరమందలి సర్వరులో వ్రాయబడును. కావున కార్యాలయమందలి పెట్టెలో నేమియు లేదని కొందరు తలంతురు. అది పొరబాటు. స్కాను చేసిన పట్టాదారు పాసుపుస్తకములు, ఆధారు ప్రతులు, బ్యాంకు ఖాతా సంఖ్యలు, జామీనుదారుల పేర్లు, బంగారము కుదువబెట్టినవారి చీటీలు, బాకీదారులకు పంపిన నోటీసులు మొదలగునవి సాధారణముగా ఆ పెట్టెలోనే, తెరమీదనే, ఎవరు తెరచినను కనబడునట్లు పడియుండును. ఎవరి ఇల్లాలి గొలుసు ఎంతకు తాకట్టులో నున్నదో ఊరి రచ్చబండ మీద చెప్పుకొనెడి మాట కాదు. అంతేకాదు, మోసగాడు ఫోను చేసి రైతు పేరు, తీసికొన్న ఋణము, పండించు పంట సరిగా చెప్పినయెడల అది బ్యాంకువారి పిలుపేయని నమ్మి రైతు ఓ.టి.పి. చెప్పివేయును. గుట్టు పోయిన వెనుక డబ్బు పోవుట కెంతో కాలము పట్టదు.

అట్లైనచో మారక పాతదానితోనే యుండరాదా యని యడుగవచ్చును. ఉండరాదు. ఆపరేటింగు సిస్టములో లోపములు ఎప్పటికప్పుడు బయటపడుచుండును; వానిని పూడ్చుటయే కంపెనీవారు పంపు మరమ్మతుల పని. పూడ్చువారు లేనపుడు గట్టునకు పడిన గండి గండిగనే యుండును. 2017 మే 12న వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము లోకమంతట వ్యాపించి, కంప్యూటర్లలోని దస్త్రములకు తాళము వేసి, తాళము తీయుటకు డబ్బడిగినది. ఇంగ్లండులో ఆసుపత్రుల పని నిలిచిపోయినది. ఆంధ్రప్రదేశములో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లును దానిపాలబడినవి. ఆ లోపమునకు మరమ్మతు అదే సంవత్సరము మార్చిలోనే వెలువడియుండెను. దానిని వేసికొనని యంత్రములే చిక్కినవి. క్రొత్తదానికి గుట్టు చెప్పుట యిష్టములేక పాతదానిని పట్టుకొని కూర్చుండుట, కుక్క మొరుగుచున్నదని దానిని తరిమి తలుపు తెరచి పండుకొనుట వంటిది.

గడువు పొడిగించుకొను మార్గమొకటి కంపెనీవారు 2025లో చూపిరి. గృహస్థుల కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు రక్షణ మరమ్మతులు పంపుదుమనియు, తమవద్ద ఖాతా తెరచి యంత్రపు సెట్టింగులను దానితో కలిపినవారికి ఉచితముగను, కలుపుట కిష్టము లేనివారికి 30 డాలర్ల రుసుముతోను ఇత్తుమనియు ప్రకటించిరి. సంస్థలకు మొదటి సంవత్సరము యంత్రమొక్కింటికి 61 డాలర్లు, ఆపై ఏటేట రెట్టింపు, మూడేండ్లకు మించదు. ఉచితమన్న మాట వెనుక మూల్యము ఖాతా రూపమున నున్నదని చదువరులు గ్రహించియే యుందురు.

ఈ ఖాతాయే ముఖ్యమైన సంగతి. క్రొత్త కంప్యూటరును విండోసు 11తో మొదట తెరచినపుడు అది ఇంటర్నెట్టుతో కలుపుమనియు, ఇ-మెయిలు చిరునామాతో మైక్రోసాఫ్టు ఖాతాలో ప్రవేశింపుమనియు అడుగును. కార్యదర్శికి తీరిక యుండదు. దుకాణపు కుర్రవాడు తన ఇ-మెయిలునో, కార్యదర్శి సొంత ఇ-మెయిలునో వేసి పని ముగించిపోవును. ఆ క్షణమునుండి ఆ యంత్రము, సంఘము డబ్బు పెట్టి కొన్నదే యైనను, ఒక వ్యక్తి పేర నుండును. దాని పర్యవసానములు రెండు.

మొదటిది వన్‌డ్రైవ్ అనునది. ఖాతాతోపాటు వచ్చు నీ ఏర్పాటు డెస్కుటాపు, డాక్యుమెంట్సు, పిక్చర్సు అను అరలలోని దస్త్రములను దూరమందలి కంపెనీ గిడ్డంగికి నకలు పంపును. యంత్రము చెడిపోయినను దస్త్రములు దక్కునను మేలు లేకపోలేదు. కాని ఆ గిడ్డంగి తాళము ఖాతాదారునిదే. అతడు ఉద్యోగము మాని పోయినను, వేరొక ఊరిలో తన ఫోనునుండియే మన సభ్యుల ఆధారు ప్రతులను తెరచి చూడగలడు. చూడవలెనను దురుద్దేశ మతనికి లేకపోవచ్చును. అతని ఫోను పోగొట్టుకొన్నచో దొరికినవానికి ఉండవచ్చును.

రెండవది ఇంకను చిక్కైనది. విండోసు 11 యొక్క 2024 నాటి కూర్పు మొదలుకొని, క్రొత్తగా స్థాపించిన యంత్రములలో ఖాతాతో ప్రవేశించిన వెంటనే డిస్కంతయు తనంతట తానే గూఢలిపిలోనికి మారును. యంత్రమును ఎవరైన ఎత్తుకొనిపోయినను దస్త్రములు చదువలేరు, ఇది మంచిదే. అయితే ఏదైన మరమ్మతు వచ్చినపుడు యంత్రము 48 అంకెల తాళపు సంఖ్యను అడుగవచ్చును. ఆ సంఖ్య ఖాతాలోనికి పోయి యుండును. ఖాతా దుకాణపు కుర్రవానిదైనచో వానిని వెదకవలయును. వాడు పాస్‌వర్డు మరచినచో సంఘపు దస్త్రములు సంఘమునకే దక్కవు. కావున స్థాపించిన నాడే ఆ సంఖ్యను కాగితముపై అచ్చువేయించి, ఋణపత్రములతోపాటు ఇనుపపెట్టెలో నుంచవలయును.

ఈ చిక్కులు తప్పుటకు ఉపాయము కష్టమైనది కాదు. సంఘము పేరనే యొక ఇ-మెయిలు తెరచి, దాని పాస్‌వర్డును సీలువేసిన కవరులో నుంచి, అధ్యక్షుని యెరుకతో కార్యదర్శులు మారునపుడెల్ల మార్చుచుండవలయును. దానితోనే యంత్రమును స్థాపించి, తాళపు సంఖ్యను అచ్చువేసికొన్న పిదప, సెట్టింగ్సులో అకౌంట్సు అను చోటికి పోయి లోకల్ అకౌంటుగా మార్చుకొనవచ్చును. అనగా ప్రవేశము ఆ యంత్రమునకే పరిమితమగును. ఇదివరకు లోకల్ అకౌంటుతో నడచుచున్న విండోసు 10 యంత్రమును, దస్త్రములతో సహా, ఉన్నదున్నట్లుగా 11కు పెంచినచో ఆ అకౌంటే సాధారణముగా నిలిచియుండును. ఇక్కట్లు ముఖ్యముగా క్రొత్త యంత్రములతోనే.

స్థాపించు సమయమున గుట్టునకు సంబంధించిన ప్రశ్నలు కొన్ని వరుసగా తెరమీదికి వచ్చును. యంత్రము ఎచ్చట నున్నదో తెలుపవచ్చునా? పోయినచో వెదకిపెట్టవలయునా? పనితీరును గూర్చిన సమాచారము ఎక్కువగా పంపవచ్చునా? నీవు వ్రాయు తీరును నేర్చుకొనవచ్చునా? నీ వాడుకను బట్టి సలహాలు చెప్పవచ్చునా? ప్రకటనలకై నీకొక గుర్తు సంఖ్య ఇయ్యవచ్చునా? సాధారణముగా ప్రతిదానికిని 'అవును' అనునది ముందే గుర్తిడబడి యుండును. క్రింద 'అంగీకరించితిని' యను మీట మాత్రము పెద్దది. సంఘపు యంత్రమునకు వీనిలో దేనికిని 'అవును' అక్కరలేదు. మునుపే ఒప్పుకొనియున్నచో, సెట్టింగ్సులో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ అను చోట ఒక్కొక్కటిగ మాన్పించవచ్చును.

వీనిలో పనితీరు సమాచారమును గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. అది రెండు తరగతులు. యంత్రము ఏ రకమైనది, మరమ్మతులు సరిగా పడినవా, ఏ లోపము వచ్చినది అనెడి తప్పనిసరి తరగతి సామాన్యపు విండోసులో ఆగదు. ఐచ్ఛిక తరగతిలో మాత్రము ఏయే ప్రోగ్రాములు ఎట్లు వాడితిమో, కంపెనీవారి బ్రౌజరులో ఏయే స్థలములు చూచితిమో కూడ చేరును. ప్రోగ్రాము కూలినపుడు పంపు నివేదికలో, అప్పుడు తెరచియున్న దస్త్రపు ముక్కలు పొరపాటున చేరవచ్చునని కంపెనీవారే చెప్పుచున్నారు. ఆ తెరచియున్నది ఋణ దరఖాస్తు కావచ్చును. ఐచ్ఛికమును ఆపుట కిది చాలిన కారణము.

అడిగినవారికి కంపెనీవారు తగ్గుదురనుటకు దృష్టాంతము కలదు. ఫ్రాన్సు దేశములో పౌరుల సమాచార రక్షణకై ఏర్పడిన క్నిల్ అను సంస్థ 2016 జూలైలో, విండోసు 10 అవసరమునకు మించి సమాచారము లాగుచున్నదని మైక్రోసాఫ్టువారికి తాఖీదు పంపెను. కంపెనీవారు కనీస తరగతిలోని సేకరణను దాదాపు సగమునకు తగ్గించిరి; 2017 జూనులో తాఖీదు ముగింపబడినది. 2014లో ఆ కంపెనీకి ముఖ్యాధికారియైన సత్య నాదెళ్లగారు హైదరాబాదున జన్మించినవారని మనకు సంతోషమే గాని, అందుకని షరతులు చదువక సంతకము చేయనక్కరలేదు.

తెరను కొన్ని క్షణముల కొకమారు ఫొటో తీసి దాచెడి రీకాల్ అను ఏర్పాటును గూర్చి గొప్ప కలవరము వినబడినది. అది 2024 మేలో ప్రకటింపబడి, నిపుణుల ఆక్షేపణలచే వెనుకకు తీసికొనబడి, 2025 ఏప్రిలులో యజమాని కోరినగాని పనిచేయని రూపమున మరల వెలువడినది. ఆ ఫొటోలు యంత్రముననే యుండును. పైగా అది ప్రత్యేకపు చిప్పుగల ఖరీదైన యంత్రములలోనే నడచును. సంఘములలోని సామాన్యపు యంత్రములకు దానివలన భయము లేదు. అట్టి యంత్రమే కొన్నచో దానిని కోరకుండుటయే కర్తవ్యము.

ఇది సౌకర్యపు విషయము మాత్రమే కాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేయని పుట్టస్వామి వ్యాజ్యములో సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగ తీర్పుచెప్పిరి. డిజిటలు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 2023లో వచ్చినది; దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి; ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువీయబడినది. రక్షణలో అశ్రద్ధకు జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చును. సమాచారమును సేకరించినవారే దానికి బాధ్యులు గాని, యంత్రమును స్థాపించిన దుకాణదారుడు కాడు. కావున తన కాగితములు ఎవరి ఖాతాలో నున్నవని సర్వసభ్య సమావేశములో సభ్యుడు అడిగినచో, అది కార్యదర్శిపై అనుమానముగా నెంచరాదు.

అన్ని పాత యంత్రములును విండోసు 11ను మోయలేవు. టి.పి.ఎం. 2.0 అను రక్షణ చిప్పు, 4 జీబీల మెమరీ, ఇంచుమించు 2018 నాటి లేక తరువాతి ప్రాసెసరు కావలయును. లేనివానికి లినక్సు అను ఉచిత సిస్టము వేసికొనవచ్చును. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు దానితోనే చదువుచున్నారు. మన ప్రింటరును, వేలిముద్ర యంత్రమును దానితో పనిచేయునో లేదో ముందు చూచుకొనవలయును.

ఇక పాత యంత్రములను అమ్ముట. ఇక్కడ జరుగునంత అజాగ్రత్త మరెక్కడను జరుగదు. దస్త్రమును చెరిపితిమన్న మాత్రమున అది పోదు. విషయసూచికలో పేరు మాత్రమే కొట్టివేయబడును, పుట అట్లే యుండును. పాత సామానులవాడు కొన్న డిస్కునుండి చెరిపిన దస్త్రములను సామాన్యపు ప్రోగ్రాముతో తిరిగి తీయవచ్చును. యంత్రము నడచుచున్నచో 'రీసెట్ దిస్ పీసీ' యందు 'రిమూవ్ ఎవ్రీథింగ్' కోరి, 'క్లీన్ డేటా' యనుదానికి 'యెస్' అనినచో డిస్కు శుభ్రమగును. గంటలకొలది పట్టును, విసుగు చెందరాదు. నడవని యంత్రమైనచో డిస్కును ఊడదీసి, ఇద్దరు డైరెక్టర్ల యెదుట సుత్తితో పగులగొట్టించి, డెడ్‌స్టాకు రిజిస్టరులో తేదీ వేసి సంతకములు చేయించి, మిగిలిన పెట్టెను మాత్రమే అమ్మవలయును.