రాయి ఎవరి మాట చెబుతుంది?

పాత కట్టడం ఏదైనా చూడటానికి వెళ్తే మనం ముందు అడిగేది ఒకటే: ఇది ఏ రాజు కట్టించాడు? పాఠ్యపుస్తకాలు అలవాటు చేసిన ప్రశ్న ఇది. కళ సమాజానికి అద్దం అన్న మాటనూ అవే నేర్పాయి. ఈ రెంటినీ జేబులో పెట్టుకుని అమరావతికో, పాలంపేటకో, లేపాక్షికో వెళ్తే శిల్పం కంటే ముందు అపోహలే ఎదురొస్తాయి. శాసనాలు పక్కన పెట్టుకుని చూస్తే కథ వేరుగా ఉంటుంది.

అపోహ: గొప్ప కట్టడాలన్నీ రాజులు కట్టించినవే

అమరావతి స్తూపం శాతవాహనులు కట్టించిందని చాలామంది నమ్మకం. నిజానికి అది క్రీస్తుకు ముందే మొదలై, క్రీ.శ. 3వ శతాబ్దం దాకా పెరుగుతూ, రూపం మార్చుకుంటూ వచ్చింది. ఆ కాలంలో కొంత భాగం శాతవాహనులు ఏలిన మాట వాస్తవమే. కానీ స్తూపం రాళ్ల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఉన్న దానశాసనాలు చదివితే రాజులు అరుదుగా తగులుతారు. ఎక్కువగా కనబడేది గృహపతులు, వర్తకులు, సుగంధద్రవ్యాలు అమ్మేవారు, భిక్షువులు, భిక్షుణులు, ఇల్లాళ్లు. ఒకరు స్తంభం ఇస్తే, ఇంకొకరు ఆ స్తంభాలను కలిపే అడ్డురాయి ఇచ్చారు. వాశిష్ఠీపుత్ర పులుమావి పేరున్న శాసనంలో కూడా దాత రాజు కాదు. ధర్మచక్రం పెట్టించింది ఒక గృహపతి కుటుంబం. రాజు పేరు అక్కడ కాలం చెప్పడానికి వచ్చింది.

ఆ దాతల్లో నాకు అందరికంటే ఆసక్తి కలిగించేవాడు విధికుడు. వృత్తి తోలుపని. పూర్ణఘటం చెక్కిన ఫలకం ఒకటి ఇచ్చాడు. తనొక్కడి పేరే రాయించుకుని ఊరుకోలేదు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో, చుట్టాలతో కలిసి ఇస్తున్నానని చెక్కించాడు. తండ్రి పేరు నాగుడు, ఉపాధ్యాయుడు. ఒక ఉపాధ్యాయుడి కొడుకు తోలుపని చేస్తూ, ఆ పని పేరును దాచకుండా, మహాచైత్యం అనే ఆ పెద్ద స్తూపం మీదికి కుటుంబమంతటినీ ఎక్కించాడు. దీన్ని చూపించి ఆ రోజుల్లో హెచ్చుతగ్గులే లేవని వాదించేవాళ్లూ ఉంటారు. అంత దూరం వెళ్లనక్కర్లేదు. వృత్తిని బట్టి మనిషిని గుర్తుపెట్టే సమాజమే అది. అయితే ఆ వృత్తివారికి పుణ్యం సంపాదించుకునే చోటు, అందుకు ఖర్చు పెట్టగలిగే డబ్బు, పేరు చెక్కించుకునే హక్కు ఉన్నాయి. కృష్ణానది మీద, ధాన్యకటకం (నేటి ధరణికోట) మీదుగా సాగిన వ్యాపారం ఆ డబ్బు వెనక ఉంది.

అపోహ: అమరావతి శిల్పాలు పాలరాతివి

కావు. ‘అమరావతి మార్బుల్స్’ అని బ్రిటిష్ వాళ్లు పెట్టిన పేరు మన నోళ్లలోనూ స్థిరపడిపోయింది. అది పల్నాటి సున్నపురాయి. సన్నని పనితనానికి లొంగే రాయి కాబట్టే నగల పూసలూ, చీర మడతలూ అంత స్పష్టంగా తేలాయి. ఆ రాయే స్తూపానికి చేటు కూడా తెచ్చింది. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతికి మకాం మార్చి కొత్త ఊరు కడుతున్నప్పుడు ఈ దిబ్బలోని రాళ్లు ఆ పనులకు తరలాయి. కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. బ్రిటిష్ అధికారుల్లో కాలిన్ మెకంజీ 1816లో బొమ్మలు గీయించాడు, వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించాడు. మిగిలినవాటిలో చాలా భాగం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. కట్టినవారి సమాజం గురించే కాదు, పడగొట్టి పట్టుకుపోయినవారి సమాజం గురించి కూడా ఈ రాళ్లు సాక్ష్యం చెబుతాయి.

అపోహ: శిల్పాల్లో ఉన్నట్టే జనం బతికారు

అద్దం అన్న మాట ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇక్కడే. అమరావతి ఫలకాల్లో స్త్రీలకు పైన బట్ట కనబడదు, ఒంటి నిండా నగలు మాత్రం ఉంటాయి. అప్పటి ఆడవాళ్లందరూ అలాగే తిరిగేవారని కొందరు, శిల్పులు అసభ్యంగా చెక్కారని కొందరు తేల్చేస్తారు. దేహాన్ని ఎలా చూపాలన్నది శిల్పశాలలో గురువు నుంచి శిష్యుడికి వచ్చే పద్ధతి. పలుచని బట్టను ఒంటికి అంటుకున్నట్టు, చిన్న గీతలతో సూచించి వదిలేయడం కూడా ఆ పద్ధతిలో భాగమే. పైగా ఆ కథల్లో పాత్రలు ఎక్కువగా రాజకుమారులు, అంతఃపుర స్త్రీలు, దేవతలు, నాగులు. వాళ్లను చూసి ధరణికోట వీధిలో ఎవరేం కట్టుకున్నారో చెప్పలేం.

నిజమైన జీవితం తొంగిచూసేది శిల్పి ప్రధానం అనుకోని చోట. చెన్నై మ్యూజియంలో నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం ఉంది. మదమెక్కిన ఏనుగు వీధిలో మనుషుల్ని పట్టి విసురుతోంది. అదే చట్రంలో మరోవైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. భక్తుడి చూపు బుద్ధుడి మీదికి పోతుంది. చరిత్ర వెతికేవాడి చూపు మాత్రం మేడ కిటికీల్లోంచి వంగి చూస్తున్న ఆడవాళ్ల మీద, ద్వారం నిర్మాణం మీద ఆగాలి. బండిపైకప్పులా వంపు తిరిగిన కప్పులు, వరండాలు, గవాక్షాలు, కర్రతో కట్టి ఎప్పుడో పుచ్చిపోయిన ఊళ్ల రూపురేఖలు ఈ రాళ్లలోనే మిగిలాయి. శిల్పి వాటిని మనకోసం చెక్కలేదు. వీధి అంటే అతనికి తెలిసిన వీధి అదే.

అపోహ: రాజుది ఏ మతమో జనానిదీ అదే

నాగార్జునకొండ లోయ దీనికి తిరుగులేని జవాబు. క్రీ.శ. 3వ శతాబ్దంలో విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం చేశాడు. అతని సొంత చెల్లెలు చాంతిశ్రీ అక్కడి మహాచైత్యానికి స్తంభాలు నిలిపింది. ఆ రాజవంశపు ఆడవాళ్లు వరసగా బౌద్ధానికి దానాలిస్తుంటే మగవాళ్లు వైదిక యజ్ఞాల గురించి గొప్పగా రాయించుకున్నారు. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఒకే ఇంట్లో రెండు దారులు. ‘బౌద్ధయుగం’, ‘హిందూయుగం’ అని చరిత్రను గళ్లుగా గీసుకున్నవాళ్లం మనం.

అపోహ: రామప్ప గుడికి దాన్ని చెక్కిన శిల్పి పేరు పెట్టారు

దేశంలో శిల్పి పేరున్న గుడి ఇదొక్కటేనని గైడ్లే కాదు, పత్రికలూ రాస్తాయి. వినడానికి బాగుంటుంది. కానీ పాలంపేటలోని ఈ గుడి దగ్గరి 1213 నాటి శాసనం చెప్పేది కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడి గురించి. దేవుడి పేరు రుద్రేశ్వరుడు. 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కిందీ ఆ పేరుతోనే. శిల్పి రామప్ప కథకు ఆధారం జనశ్రుతి.

ఈ కథ ఎందుకు అంత గట్టిగా నాటుకుందో ఆలోచిస్తే ఒక లోటు కనిపిస్తుంది. నల్లరాతి స్త్రీమూర్తులైన మదనికలను, స్తంభాల మీద సన్నని నగిషీలను చూసినవారికి, ఇది చేసిందెవరు అన్న ప్రశ్న రాక తప్పదు. శాసనం జవాబివ్వదు కాబట్టి జనం తామే ఒక శిల్పికి పేరు పెట్టుకున్నారు.

శాసనం ఎందుకివ్వదు? అప్పట్లో రాతి మీద పేరు పడటానికి ముఖ్యంగా రెండు దారులుండేవి. ఒకటి దానం. రెండోది బాధ్యత. ద్రాక్షారామ భీమేశ్వరాలయంలో అఖండదీపాల శాసనాలు చూడండి. పెద్దింటివాళ్లు దీపానికి పశువులను దానం చేస్తారు. ఆ పశువులను తోలుకుపోయి, రోజూ నెయ్యి కొలిచి ఇవ్వాల్సిన బోయల పేర్లు కూడా రాస్తారు. అది గౌరవం కోసమే అనుకోకండి, రేపు నెయ్యి రాకపోతే ఎవరిని అడగాలో తెలియడానికి! కూలి తీసుకుని పని ముగించుకుపోయిన శిల్పి ఈ రెంటిలో దేనికిందికీ రాడు.

అయితే శిల్పులు ఎక్కడైనా అనామకులేనని, అది వారి వినయమని చెప్పడమూ సరికాదు. పట్టదకల్లు విరూపాక్షాలయ స్థపతి గుండ అనివారితాచారికి త్రిభువనాచారి అన్న బిరుదు దక్కిందని చాళుక్య శాసనమే చెబుతుంది. హొయసల శిల్పులైతే బేలూరులో బొమ్మల కిందే సంతకాలు చేసి, తమ బిరుదులూ ఏకరువు పెట్టారు. పాలంపేట శిల్పులు ఈ బేలూరు శిల్పులకు సుమారు వందేళ్ల తర్వాతివాళ్లు. పనితనంలో తీసిపోరు. ఇక్కడి పోషకులు ఆ చోటు ఇవ్వలేదు, అంతే.

అపోహ: గోపురం హిందువులది, కమాను ముస్లింలది

లేపాక్షి వీరభద్రాలయానికి వెళ్లినవాళ్లు వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, ఫొటో తీసుకుని వచ్చేస్తారు. తలెత్తి చూస్తే కప్పు మీద విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలపు రంగుల బొమ్మలున్నాయి. గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు పరివారంతో అక్కడ నిలబడి ఉంటారు. వీరభద్రుడి ముందు నిలబడిన ఈ విజయనగర ఉద్యోగుల తలల మీద పొడవాటి కుళ్లాయిలు! ఆ టోపీ పశ్చిమాసియా నుంచి సుల్తానుల దర్బారుల మీదుగా వచ్చిన మర్యాద. కర్ణాట (విజయనగర) దర్బారు కోసం కుళ్లాయి పెట్టుకోవాల్సి వచ్చిందని వాపోయే చాటువు శ్రీనాథుడి పేర వాడుకలో ఉంది. తిరుమలలోని కృష్ణదేవరాయల లోహ విగ్రహం తల మీద ఉన్నదీ అదే. విజయనగర రాజులు ‘హిందూరాయ సురత్రాణ’ అని బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణ అంటే సుల్తానే. యుద్ధాలు జరగలేదని కాదు. పోరాడిన పొరుగువాడి దుస్తులూ, కట్టడపు తీరూ కూడా గొప్పతనానికి గుర్తులయ్యాయి. రాజధాని హంపిలో ఏనుగుశాలల గుమ్మటాలు, లోటస్ మహల్ కమానులు రాజులు కోరి కట్టించుకున్నవే.

అదే హంపిలో, రెండో దేవరాయల కొలువులో ఉన్న అహ్మద్ ఖాన్ అనే అధికారి 1439లో ఒక మసీదు కట్టించాడు. గుమ్మటం లేదు, మినార్లు లేవు, ముందువైపు కమాను లేదు. చదరపు రాతిస్తంభాల మీద చదునైన కప్పుతో అచ్చం గుడి మండపంలా ఉంటుంది. శాసనంలో అతను దాన్ని ధర్మశాల అన్నాడు, ఆ పుణ్యం దేవరాయలకు చెందాలని రాయించాడు.